మూసిన గదిలోంచి జవాబు

పిల్లలూ, పొద్దున్నే మీ తలుపు తట్టి, ఇద్దరి గొంతులూ విడివిడిగా వినేదాకా నేను కదలనని మీకు విసుగు. "అమ్మది చాదస్తం" అని నవ్వుకుంటారు, నాకు వినబడుతూనే ఉంటుంది. ఆ చాదస్తం నాకెక్కడ అంటుకుందో మీకెప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పేమో.

ఫొటోలో చూశారుగా, మీ పెద్దమ్మ కన్యాస్త్రీ. లోపలికెళ్ళిన వాళ్ళు మళ్ళీ గడప దాటని మఠం అది. ప్రార్థన, పని, మళ్ళీ ప్రార్థన. రాత్రి ప్రార్థన ముగిశాక తెల్లారేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తెల్లవారుజామున అందరినీ లేపే పని అక్కది. లాంతరు పట్టుకుని ఒక్కో గది తలుపూ తట్టి, "ప్రభువును స్తుతిద్దాం" అనాలి. లోపలి మనిషి "దేవునికి కృతజ్ఞతలు" అని పలకాలి. అది విన్నాకే అక్కణ్ణించి కదలాలి. అదీ నియమం.

వసారా చివరి గదిలో ఒక ముసలి సిస్టర్ ఉండేది. నత్తలా నెమ్మదని అందరూ నత్తమ్మ అనేవాళ్ళు. ఆవిడ పలికేసరికి అక్కకి ఆలస్యమయ్యేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుడిలో అందరి ముందూ మోకరించాలి.

"ఏమే పిల్లా, నేనున్నానో పోయానో చూడ్డానికేగా నిన్ను పెట్టింది?" అని నత్తమ్మ ఎగతాళి చేసేది. "కాస్త ఆగు, ఇంకా ఉన్నాలే!"

ఒక చలికాలం తెల్లవారుజామున అక్క ఆ తలుపు తట్టింది. జవాబు లేదు. మళ్ళీ తట్టింది. లోపల చెక్క మీద ఏదో గీరుతున్న చప్పుడు. లేస్తోందిలే అనుకుంది. అవతల గుడిగంట మొదలైంది. పక్క గదిలో వాళ్ళు వింటున్నారని, నత్తమ్మ చెప్పాల్సిన మాట అక్కే చెప్పేసింది.

"దేవునికి కృతజ్ఞతలు."

ప్రార్థనయ్యాక వెళ్ళి చూస్తే నత్తమ్మ తలుపు వెనకే పడి ఉంది. ప్రాణం లేదు. చెయ్యి గడియ వైపు చాచి ఉంది. గోళ్ళ కింద చెక్క పేళ్ళు.

"లేపినప్పుడు పలికిందా?" అని మఠం పెద్ద మదర్ అడిగింది.

"పలికింది మదర్," అంది అక్క.

పూడ్చిపెట్టాక ఆ గది ఖాళీ చేసి తాళం వేశారు. మర్నాడు అక్క అన్ని తలుపులూ తట్టి, దాన్ని మాత్రం వదిలేసి వెనక్కి తిరిగింది. వసారా అంతా కరిగిన మైనం వాసన. లాంతరు వత్తి చిటపటమంది.

తాళం వేసిన తలుపు వెనక ఎవరో పలికారు.

"దేవునికి కృతజ్ఞతలు."

నత్తమ్మ గొంతు కాదు... అక్క గొంతు.

అక్క అరవబోయింది. నోరు తెరుచుకుంది. అరుపు రాలేదు. ఆ రోజు నుంచి అక్కకి గొంతు లేదు. జలుబన్నారు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, చుట్టాల్ని కలిసే గదిలో ఇనపకమ్మీల అవతల నుంచి గుసగుసగా చెప్పింది. "నేను పాడాల్సిన కీర్తన నా నోట్లోంచి రాదు చెల్లీ. ఆ గదిలోంచి వస్తుంది."

"మదర్‌తో నిజం చెప్పెయ్యక్కా."

"చెప్పాను. క్షమించింది. క్షమించాల్సింది ఆవిడ కాదుగా."

పెద్దదానా, ఈమధ్య నువ్వు "చెల్లి కూడా లేచిందమ్మా" అని దాని జవాబు కూడా నువ్వే చెప్పేస్తున్నావు. మీ టిఫిన్ డబ్బాలు సర్దే హడావిడిలో నేనూ సరేలే అని వెళ్ళిపోయాను. అంతా తెలిసి కూడా.

నిన్న మీరిద్దరూ నాన్నతో అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళారు. ఇవాళ పొద్దున అలవాటుకొద్దీ మీ తలుపు తట్టాను. తట్టాక గుర్తొచ్చి, నా మతిమరుపుకి నేనే నవ్వుకున్నాను. అప్పుడు... లోపల్నుంచి...

"చెల్లి కూడా లేచిందమ్మా."

నీ గొంతే. తలుపు తీశాను. రెండు పక్కలూ పరిచినవి పరిచినట్టే ఉన్నాయి.

నాన్నకి ఫోన్ చేశాను. చిన్నది ఆడుకుంటోందట. "పెద్దదానికి పొద్దున్నుంచీ గొంతు రావట్లేదు. జలుబేలే, కంగారుపడకు," అన్నారు.

సాయంత్రం మీరొస్తారు. రేపు తట్టినప్పుడు ఎవరి మాట వాళ్ళే చెప్పండి. పెద్దదానా, గొంతు రాకపోతే తలుపు మీద వేలితో తట్టు. ఎంతసేపైనా ఆగుతాను. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకీ ఇది చెప్పండి... తలుపు తట్టినవాళ్ళు ఆగాలని, ఒకరి జవాబు ఇంకొకరు చెప్పకూడదని.