ఇరవై కార్జాలు

మాల్సున్ ముల్లంగి తరుగుతూనే గుమ్మం వైపు ఓరగా చూసింది. కూతురు హేరిన్ వంగి బూట్లు తొడుక్కుంటోంది. నలభై ఒక్కేళ్ళు వచ్చాయి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, జుట్టుకి దువ్వెన తగిలి ఎన్నాళ్ళయిందో తెలీదు. పరిశోధన సంస్థ వాళ్ళిచ్చిన కార్డు మాత్రం మెళ్ళో పతకంలా వేలాడుతోంది.

"ఏమ్మా డాక్టరుగారూ, ఇవాళ ఎన్ని ఎలుకల్ని పైకి పంపుతున్నావు?"

"అమ్మా, పదింటికి నాన్నకి నొప్పి మాత్ర. గంజి తాగాకే ఇవ్వు."

"కట్టుకున్నవాడికి ఏది ఎప్పుడివ్వాలో ఎలుకల డాక్టరు చెప్పాలా నాకు?"

హేరిన్ జవాబు చెప్పకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. మాల్సున్‌కి ఒళ్ళు మండేది సరిగ్గా ఇందుకే. తిడితే తిరిగి తిట్టాలి, అది మర్యాద. మాసాన్ రేవు బజారులో నలభై ఏళ్ళు చేపల కొట్టు నడిపిన మనిషికి ఎదుటివాళ్ళ మౌనం పొగరులాగే కనిపిస్తుంది.

భర్త చోంగ్‌దేకి కడుపులో క్యాన్సర్ అని తేలాక కొట్టు అమ్మేసి, పెద్దాసుపత్రికి దగ్గరని దేజాన్ నగరంలో కూతురి ఫ్లాటుకి వచ్చారు. ఆపరేషన్ అయింది, రెండేళ్ళు బాగానే గడిచాయి. ఈ వసంతంలో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఇక కీమో వల్ల లాభం లేదని డాక్టర్లు పోయిన నెలలోనే చెప్పేశారు. లిఫ్టులో పక్కింటావిడ "మీ అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని అడిగితే, "ఎలుకలకి సూదులు పొడుస్తుంది, అందుకు జీతం కూడా ఇస్తారు" అని చెప్పి మాల్సున్ మొహం తిప్పుకునేది. తండ్రి పక్కగదిలో ఎండిపోతుంటే కూతురు రోజూ క్యాన్సర్ ఎలుకల్ని బాగుచేయడానికి వెళ్ళడం ఆవిడకి మహా వెటకారంగా తోచేది.

ఆ మధ్యాహ్నం కొడుకు క్వాంగిల్ చాంగ్వాన్ నుంచి ఊడిపడ్డాడు. వస్తూనే తల్లి మొహం ముందు ఫోను పెట్టాడు.

"చూడమ్మా, నిన్న టీవీలో వచ్చింది. హేరిన్ వాళ్ళ సంస్థే!"

తెరమీద డైరెక్టర్ ప్యో తెల్లకోటులో మెరిసిపోతున్నాడు. కంటికి కనపడనంత సన్నటి ఇనుప రేణువులకి ఒక పూత పూసి రక్తంలోకి ఎక్కిస్తే, అవి వెళ్ళి కణితి దగ్గర చేరతాయట. అప్పుడు బయటినుంచి అయస్కాంతంతో వాటిని వేడెక్కిస్తే కణితి మాడిపోతుందట. పది ఎలుకల్లో తొమ్మిదింటికి కణితి పూర్తిగా కరిగిపోయిందని చెప్పి ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆయన వెనకాల నేలచూపులు చూస్తూ హేరిన్ నిలబడి ఉంది.

మాల్సున్ ఆ వీడియో నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి అయ్యాక ఫోను కొడుకు ఒళ్ళో పడేసింది.

"ఇంట్లో మందు పెట్టుకుని నా మొగుణ్ణి చంపుతోందన్నమాట!"

సాయంత్రం హేరిన్ చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుందో లేదో, క్వాంగిల్ మొదలుపెట్టాడు.

"చెల్లీ, ఒక్క సీసా. చిటికెనవేలంత సీసా. జేబులో వేసుకొస్తే ఎవరడుగుతారు?"

"కుదరదన్నయ్యా."

"టీవీలో మీ డైరెక్టరు..."

"ఆయన చెప్పింది ఆరో వారం సంగతి. పన్నెండో వారం ఏమైందో చెప్పలేదు. రేణువుల మీద పూత కార్జంలోకి వెళ్ళాక ఊడిపోతోంది. లోపలి ఇనుము బయటపడి..."

"ఆపవే!" మాల్సున్ గరిటె బల్లమీద కొట్టింది. "పూతట, ఊడిపోయిందట! నా పెనం మీద పూత పదేళ్ళయినా చెక్కుచెదరలేదు. పాతికేళ్ళు చదివి నువ్వు పూసిన పూత మూణ్ణెల్లకే ఊడిందా? ఆ పెనాల ఫ్యాక్టరీవాణ్ణి అడిగినా నేర్పేవాడు కదే!"

క్వాంగిల్ కిసుక్కుమన్నాడు. చోంగ్‌దే గంజి గిన్నెలో చెంచా తిప్పుతూ, "వదిలెయ్ మాల్సున్. అది అలిసిపోయి వచ్చింది" అన్నాడు.

"మీరు మాట్లాడకండి. పోయేది మీరు, అడుక్కునేది నేనూనా?" అని ఆయన నోరు మూయించి మళ్ళీ కూతురి మీదకి తిరిగింది. "ఎలుకకి ఇచ్చింది కన్నతండ్రికి ఇవ్వడానికి చేతులు రావు. నీకు మొగుడా, బిడ్డా? మనిషి పోతుంటే గుండెలో ఎక్కడ నొప్పి పుడుతుందో నీకెలా తెలుస్తుంది?"

హేరిన్ లేచి, ముద్ద ముట్టని అన్నం గిన్నె సింకు దగ్గర పెట్టింది.  తర్వాత తన గదిలోకి వెళ్ళింది.

మర్నాడు కూతురు వెళ్ళిన గంటకి మాల్సున్ మంచి కోటు తొడుక్కుంది. భర్తని కొడుక్కి అప్పజెప్పి, తను పెట్టిన కిమ్చి పచ్చడి డబ్బా ఒకటి గుడ్డలో మూటకట్టుకుని బస్సెక్కింది. కూతురితో పనికాకపోతే కూతురి యజమానితోనే తేల్చుకోవచ్చు. పెద్దమనుషులతో బేరం ఆవిడకి కొత్త కాదు.

డైరెక్టర్ ప్యో సంస్థ హాల్లోకి దిగివచ్చి మరీ నమస్కరించాడు. కిమ్చి డబ్బాని మాత్రం సూటుకి తగలకుండా రెండు వేళ్ళతో పట్టుకుని పక్కబల్ల మీద పెట్టాడు. వీడు జన్మలో ఒక్క బక్కెటైనా మోసిన మొహం కాదు అనుకుంది మాల్సున్.

"మీ బాధ నాకర్థమైందమ్మా. మీ అమ్మాయి ఆ ఉత్తరం రాయకపోతే వచ్చే వసంతానికల్లా మనుషుల మీద పరీక్షకి అనుమతి వచ్చేసేది. మీవారి పేరు కూడా చేర్చుకునేవాళ్ళమేమో!"

"ఏ ఉత్తరం?"

"పన్నెండో వారం లెక్కలు కూడా చూడండంటూ నాకు చెప్పకుండా అనుమతుల కమిటీకి రాసిందండీ. ఒట్టి భయస్థురాలు. ఈ రంగంలో భయపడితే ఎలా? వచ్చే నెల నుంచి ఆమెకి వేరే పని ఇస్తున్నాం." ఆయన నవ్వు టీవీలో ఉన్నట్టే ఉంది, ఒక్క ముడత కూడా ఎక్కువ కాలేదు.

 అంతలో కబురందుకుని హేరిన్ మెట్లమీద పరుగెత్తుకొచ్చింది.

"నువ్వటే ఆపింది!" మాల్సున్ గొంతుకి ఆ అద్దాల హాలంతా తిరిగి చూసింది. "కన్నతండ్రికి అడ్డం పడ్డావటే, పాపిష్టిదానా!"

హేరిన్ తల్లి మోచెయ్యి పట్టుకుని పక్కనున్న చిన్నగదిలోకి తీసుకెళ్ళింది. తలుపు మూసి కంప్యూటర్ తెరిచింది. 

"తిట్టమ్మా. ఇవి చూసి ఆ తర్వాత ఎంతైనా తిట్టు."

తెరమీద వరసగా ఇరవై ఫోటోలు ఉన్నాయి.

"ఏంటివి?"

"కార్జాలు. ఎలుకలవి, కోసిన రోజే తీసిన ఫోటోలు. పది మందు పడ్డవి, పది పడనివి. ఏవేవో నేను చెప్పను."

"చింతగింజంత కార్జాల కోసం ఇంత మేడ కట్టుకున్నారా!" అంది మాల్సున్. అంటుండగానే ఆవిడ కళ్ళు పనిలోకి దిగాయి. మాసాన్‌లో కప్పనోటి చేప పులుసుకి రుచంతా కార్జంలోనే ఉంటుంది. ఎన్ని వేల చేపల పొట్టలు చీల్చి, ఎన్ని కార్జాలు అరచేతిలో పెట్టుకుని చూసిందో ఆవిడకే లెక్కలేదు. రంగు, నిగనిగ, అంచు చూస్తే చాలు.

"ఇది పారెయ్. ఇది కూడా. ఇది బావుంది. ఇదిగో, దీనిమీద మచ్చలు చూడు, ఛీ! ఇది పారెయ్." అలా ఆరింటిని ఏరింది. మళ్ళీ మొదటినుంచి చూస్తుంటే పద్నాలుగో ఫోటో దగ్గర వేలు ఆగింది. తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. "ఇది పైకి బానే ఉంది. కానీ అంచు చూడు. కాగితంలా ఉండాల్సింది మొద్దుబారింది. ఇదీ పోయిందే."

హేరిన్ కుర్చీలో కూలబడింది. "దాన్ని మైక్రోస్కోపులో పెట్టేదాకా మేమెవ్వరం కనిపెట్టలేదమ్మా. నువ్వు చెప్పిన ఏడూ మందు పడ్డవే. పదింటిలో ఏడు."

"మరి కణితి?"

"కణితి పోయింది. దాని తర్వాత కార్జం పోయింది."

మాల్సున్ తెరమీది ఆ ఏడింటినీ మళ్ళీ ఒకటొకటిగా చూసింది. నోటిదాకా వచ్చిన తిట్లకి ఇప్పుడు ఎవరి మీద పడాలో తెలియలేదు.

"అమ్మా, నేనొక సీసా దాచాను."

"ఏంటీ?"

"ఆరో వారం ఫలితాలు వచ్చిన రోజున. నాన్నకి తిరగబెట్టిందని తెలిసింది కూడా ఆ వారమే. ఇక్కడే ల్యాబ్ ఫ్రిజ్‌లో వెనక అరలో దాచాను. నాన్న బరువుకి ఎంతివ్వాలో లెక్క కూడా వేసుకున్నాను. మూడుసార్లు జేబులో వేసుకుని బస్టాపు దాకా వచ్చానమ్మా. ఇంకొక్క వారం చూద్దామని మూడుసార్లూ తిరిగి తీసుకెళ్ళి పెట్టేశాను. అప్పుడే ఎక్కించి ఉంటే ఈపాటికి నాన్నని నా చేతుల్తో..." హేరిన్ బడిపిల్లలా అరచేతుల్లో మొహం దాచుకుని, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చింది.

మాల్సున్ తన బతుకులో ఎన్నో మాటలు అంది, వేటినీ వెనక్కి తీసుకోలేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర అన్న మాటని మాత్రం, కాళ్ళమీద పడైనా సరే, వెనక్కి తీసుకోవాలనిపించింది. నొప్పి ఎక్కడ పుడుతుందో తెలియనిది తనకే. ఆ పిల్ల దాన్ని జేబులో వేసుకుని బస్టాపుకీ ఫ్రిజ్‌కీ మధ్య ఒంటరిగా తిరిగింది.

"మూడుసార్లలో ఒక్కసారైనా నాతో చెప్పొచ్చు కదే!"

"చెబితే నువ్వు తెమ్మనేదానివి."

మాల్సున్ కూతురి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. 

"అవును," అంది. "తెమ్మనేదాన్ని."

గరుకు చేత్తో కూతురి తల దగ్గరికి లాక్కుంది. ఎన్నేళ్ళయిందో అలా లాక్కుని! ఎండుగడ్డిలా ఉన్న ఆ జుట్టులోకి ఆవిడ కన్నీళ్ళు టపటపా రాలాయి.

వెళ్ళిపోతూ మాల్సున్ హాల్లో పక్కబల్ల దగ్గర ఆగి, ఇంకా అక్కడే ఉన్న డైరెక్టర్ కళ్ళముందే తన డబ్బా చంకనెత్తుకుంది. "ఇది మీకు బరువండీ డైరెక్టరుగారూ. దీన్ని మొయ్యడానికి కాస్త సిగ్గూ శరం ఉన్న మనిషి కావాలి."

ఇంట్లో అడుగుపెట్టగానే క్వాంగిల్ ఎదురొచ్చాడు. "సీసా తెచ్చావా?"

"నోర్మూసుకుని మీ నాన్న కాళ్ళు పట్టు. చెల్లెలి జేబులు తడమడం తప్ప ఏం చేశావురా ఇన్నాళ్ళూ?"

చోంగ్‌దే కిటికీ పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. భార్య వాచిన కళ్ళు చూసి, ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. కొడుకు వంటింట్లోకి వెళ్ళాక మెల్లిగా అన్నాడు.

"నాకు తెలుసు మాల్సున్. ఉత్తరం రాసేముందు నన్నడిగింది. రాయమన్నాను. ఇక దాన్నేమీ అనకు."

"నేనెప్పుడన్నానండీ దాన్ని?"

చోంగ్‌దే ఆవిడ వైపు వింతగా చూసి నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, ఐనా ఆపలేదు. ఆయన వీపు రాస్తూ మాల్సున్ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో తిరగబడి ఏడుపైపోయింది.

పొద్దు వాలకముందే హేరిన్ వచ్చింది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. 

"ఆ ఊడని పూత ఎప్పటికొస్తుందే?" అంది మాల్సున్.

"తెలీదమ్మా. ఐదేళ్ళో, పదేళ్ళో. ఇక్కడ తీసేస్తే ఇంకో చోట మొదలుపెడతాను."

"మీ నాన్నకి అందదు."

"అందదు."

చోంగ్‌దే గంజి గుటక వేసి, "బావుంది, ఉప్పు సరిపోయింది" అన్నాడు, అడగకపోయినా.

మాల్సున్ కాల్చిన చేపని దగ్గరికి లాక్కుంది. ఓపిగ్గా ముళ్ళన్నీ తీసింది. మెడ దగ్గరి మెత్తటి కండ ఒలిచి, భర్త గిన్నె దాటించి, కొడుకు గిన్నె దాటించి, కూతురి అన్నం మీద పెట్టింది.

"తిను," అంది. "పొద్దున్నే పనికి పోవాలి కదా."