ఇనుపగడ దగ్గర రాళ్లరొయ్య

"ఈ రొయ్యని నిజంగా నువ్వే పట్టినావా సారూ, లేకుంటే చెన్నైలో కొనుక్కోని ఫొటో దిగినావా?"

ధనలక్ష్మి ఆ మాట సరదాకే అంది. అప్పుడామె చేతిలో స్పానరు, బుగ్గ మీద ఆయిలు మరక, ముందు విప్పి పెట్టిన బోటింజను ఉన్నాయి. జువ్వలదిన్నె హార్బరుకి కాస్త ఎగువనున్న ఆ పాలెంలో ఏ పడవ ఇంజను మొరాయించినా వాళ్ల నాన్న ముత్యాలయ్య షెడ్డుకి రావలసిందే. ముత్యాలయ్యకి చూపు మందగించాక పేరు నాన్నది, పని కూతురిది అయింది.

ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడ్డవాడు పెంచలకృష్ణ. రాపూరు వైపు వరి పండించే ఇంట్లో పుట్టి, తడ దగ్గర ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేస్తున్నాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, నెల్లూరు దాటుకుని బైకు మీద అంత దూరం వచ్చి ఇక్కడ ఊడిపడతాడు. కళ్లకి అద్దం, నోట్లో గొట్టం, కాళ్లకి రబ్బరు రెక్కలు తగిలించుకుని, ధనలక్ష్మి తమ్ముడు ముఖేష్‌తో పాటు పడవలో వెళ్లి నీళ్లలోకి దూకుతాడు. ఊపిరి బిగబట్టి అడుక్కి దిగి రాళ్లరొయ్యల్ని చేత్తో పట్టుకొస్తాడు. హోటళ్లవాళ్లు లాబ్‌స్టర్ అనేది దాన్నే. పట్టింది అమ్ముకోడు. ఒకటి దొరికితే ధనలక్ష్మి తల్లి పిచ్చమ్మ చేత పులుసు పెట్టించుకుని తిని పోతాడు.

చేపల వేటే బతుకైన పాలేనికి, సరదా కోసం ఊపిరి బిగబట్టేవాణ్ణి చూస్తే నవ్వొచ్చేది. రొయ్య కోసమే అంత దూరం వస్తున్నాడంటే పిచ్చమ్మ ఏనాడూ నమ్మలేదు. ధనలక్ష్మి నమ్మినట్టు నటించేది. శనివారం సాయంత్రం అయ్యేసరికి మాత్రం చేతులకున్న ఆయిలు పోయేదాకా సబ్బుతో రుద్దుకునేది.

"నేనే పట్టినా. మీ తమ్ముణ్ణి అడుగు" అన్నాడు పెంచలకృష్ణ.

"వాడా? నువ్వు బిర్యానీ తెచ్చిస్తే తిమింగలాన్ని పట్టినావని గూడా చెప్తాడు."

"ఎట్టా పట్టాలో చెప్పమంటావా? రాయి సందులో మీసాలు బయట పెట్టుకోని కూర్చోని ఉంటాది. మీసం పట్టి లాగితే మీసమే చేతికొస్తాది. సన్న పుల్లతో ఎనకమాల మెల్లిగా కదిలిస్తే, అదే ముందుకొస్తాది."

"ఏది, రొయ్యా?"

"రొయ్యే" అన్నాడు, ఆమె కళ్లలోకి చూస్తూ.

ధనలక్ష్మి గబుక్కున ఇంజను మీదికి వంగింది. పెంచలకృష్ణ ఫోను జేబులో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"మీ నాయన్ని ఒక మాట అడగాలనుకుంటుండా."

"ఏమని?"

"నీకు తెలీదా?"

తెలుసు. తెలిసే భయమేసింది. భయమేసినప్పుడు ధనలక్ష్మి నోటికి ఎగతాళి తప్ప ఇంకేం రాదు. అది ఆమె పుట్టుబుద్ధి.

"మా నాయన మెట్టోళ్లకి పిల్లనియ్యడు సారూ. సముద్రం తెలిసినోడు కావాల."

"నాకు తెలీదా సముద్రం?"

"ముఖేష్ తోడు లేకుండా ఒకనాడన్నా దిగినావా? ఒంటిగా పోయి ఆ ఇనుపగడ కాడ ఒక్క రొయ్య పట్టుకోని రా, అప్పుడు నమ్ముతా!"

పెంచలకృష్ణ ముఖం చిన్నబోయింది. బైకు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. రాత్రికి ఫోను చేస్తాడనుకుంది ధనలక్ష్మి. చేయలేదు. తనే చేద్దామనుకుంది. బెట్టు అడ్డొచ్చింది.

మరుసటి ఆదివారం పాలెంలో మగవాళ్లెవరూ లేరు. పక్క ఊళ్లో పెళ్లికని టెంపోలు కట్టించుకుని పొద్దున్నే పోయారు. ముసలమ్మలూ, ఎండు చేపలు తిరగేసే ఆడవాళ్లూ మిగిలారు. ధనలక్ష్మి మంచినీళ్ల బిందె తీసుకుని షెడ్డుకి వచ్చేసరికి బయట బైకు ఉంది. సీటు మీద మడిచి పెట్టిన చొక్కా ఉంది. మనిషి లేడు.

బిందె దించి ఒడ్డుకి పరుగెత్తింది.

ఒడ్డు నుంచి చూస్తే అలల అవతల నీళ్లలోంచి ఒక ఇనుపగడ నిలబడి కనపడుతుంది. ఎప్పుడో మునిగిపోయిన సరుకుల బార్జిది. దాని పక్కకి పోయిన వలలన్నీ చిరిగి అక్కడే ఉండిపోయాయి. అందుకే ఎవరూ ఆ చుట్టుపక్కల వేటాడరు. ఎవరూ పోరు కాబట్టి రాళ్లరొయ్యలు అక్కడ బాగా పెరిగాయని చెప్పుకుంటారు. ఆ గడ పక్కన నారింజరంగు బుడగ ఒకటి తేలుతోంది. నీళ్లలోకి దిగేవాడు నడుముకి తాడుతో కట్టుకునే బుడగ అది. దానికి కాస్త దూరంలో చిన్న చుక్కలా ఒక తల లేచింది, మునిగింది.

'పిచ్చోడు. నేనన్నానని పోయినాడు.'

తల మునిగిన ప్రతిసారీ ధనలక్ష్మి కూడా ఊపిరి బిగబట్టింది. లేచినప్పుడు వదిలింది. పైకి రాగానే ఎట్లా తిట్టాలో మాటలు వెతుక్కుంటూ నిలబడింది. ఇంతలో గాలి తిరిగింది. గడ చుట్టూ నీళ్లు తెల్లగా నురగలు కక్కడం మొదలుపెట్టాయి. తల మునిగింది. ధనలక్ష్మి ఊపిరి బిగబట్టింది. ఇక బిగబట్టలేక వదిలేసింది. తల లేవలేదు.

బుడగ మాత్రం గడని వదిలి మెల్లిగా దక్షిణంగా కొట్టుకుపోతోంది.

ముఖేష్‌కి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. పెళ్లి మేళాల మధ్య ఫోను ఎవరికి వినపడుతుంది? వెనక్కి తిరిగి చూస్తే ఏరు సముద్రంలో కలిసే చోట సగం నీళ్లలో, సగం ఇసుకలో, ఏసుమణి వేటకి తోలే నాన్న పడవ ఉంది. ఇంజను నిన్ననే తను బిగించింది. నీళ్లలో మోకాలి లోతున నిలబడి, బయట నుంచే.

బయట నుంచే, ఎందుకంటే ఆ పాలెంలో ఆడవాళ్లు పడవెక్కరు. ఇంజను విప్పవచ్చు, వల అల్లవచ్చు. అంచు దాటి లోపల కాలు పెట్టకూడదు. పెడితే గంగమ్మకి కోపం వస్తుందనీ, ఆ వలలో చేప పడదనీ నమ్మకం. అట్లాంటి పడవ మీద మళ్లీ ఏ మగవాడూ వేటకి పోడు.

ధనలక్ష్మి చున్నీ నడుముకి బిగించి పడవలోకి ఎక్కేసింది.

"ఒసే! ఏం జేస్తుండావే?" చేపల బుట్ట వదిలేసి పిచ్చమ్మ కేకలు వేస్తూ వచ్చింది. "మీ నాయన బతుకుదెరువే అది! దిగు!"

"అమ్మా, ఆ అబ్బయ్య నీళ్లలో ఉండాడు. తల కనపడ్డం లా."

"మగోళ్లు వచ్చిందాకా..."

"ఈలోపల చచ్చిపోతాడమ్మా!"

అప్పుడు ముసలి మస్తానమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ వచ్చింది. ఆమె భర్త ఏనాడో తుఫానులో పోయాడు.

"నా మొగుణ్ణి గట్టున నిలబడి చూస్తానే పోగొట్టుకున్నా. తోయండే! చూస్తా నిలబడతారేంది?"

ముందు మస్తానమ్మ భుజం ఆన్చింది. తర్వాత మరో ఇద్దరు వచ్చారు. చివరికి పిచ్చమ్మ ఏడుస్తూనే వచ్చి తోసింది. పడవ ఇసుక మీద రాసుకుంటూ నీళ్లలోకి జారింది.

ధనలక్ష్మి తాడు లాగింది. ఇంజను దగ్గి ఆగింది. మళ్లీ లాగింది. ఈసారి అందుకుంది. తను బిగించిన ప్రతి నట్టూ ఆమెకి తెలుసు. పడవ ఎట్లా పోతుందో మాత్రం గట్టు మీది నుంచి చూసిందే. ఇసుక తిన్నె దగ్గర నీళ్లలో తిరిగే ఫ్యాను తగలకుండా ఇంజను పైకెత్తింది. అల విరిగాక దించింది. రెండో అల పడవని నిట్టనిలువుగా లేపి కింద పడేసింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఇంజను ఆగలేదు. నోరు విప్పి "తల్లీ, నా మీద కోపం ఉంటే నా మీదనే చూపించు, అబ్బయ్య మీద వద్దు" అని గంగమ్మతో బేరం పెట్టుకుంది.

ముందు బుడగ దగ్గరికి పోయింది. దాని కింద వేలాడే తాడు పట్టి లాగింది. బరువుంటుందని రెండు చేతులతో బలంగా లాగితే తాడు ఊరికే వచ్చేసింది. చివర మనిషి లేడు.

ధనలక్ష్మి పడవలో కూలబడి ఆ తాడు కొసని ఒళ్లో పెట్టుకుంది. తడిమి చూసింది. కొస పీచులు పీచులుగా లేదు. ఎవరో కత్తితో ఒక్క వేటున కోసినట్టు నున్నగా ఉంది. అంటే తాడుని తనే కోసుకున్నాడు. కోసుకునే ఓపిక ఉందంటే బతికే ఉన్నాడు!

పడవని గడ వైపు తిప్పింది. పాత వలలు ఫ్యానుకి చుట్టుకోకుండా దూరంగానే ఇంజను ఆపి తెడ్డు వేసింది. కళ్లలోకి ఉప్పునీళ్లు కొడుతుంటే ముందు ఏమీ కనపడలేదు. తర్వాత గడకి అవతలి వైపు, ఒడ్డుకి కనపడని చోట, రెండు చేతులతో ఇనుముని కౌగిలించుకుని వేలాడుతున్న పెంచలకృష్ణ కనిపించాడు. పెదవులు నీలమయ్యాయి. కాలి నుంచి రక్తం కారుతోంది.

అతను ఆమెని చూశాడు. పడవని చూశాడు.

"నువ్వు... పడవెక్కినావా?"

"లేదు, ఎగురుకుంటా వచ్చినా! చెయ్యియ్యి!"

"మీ వోళ్లు ఊరుకుంటారా?"

"నీళ్లలో ఉండి లాయరు మాటలు మాట్లాడతావేంది? చెయ్యియ్యమంటే!"

అల తగ్గే దాకా ఆగి అతను గడని వదిలాడు. ధనలక్ష్మి మణికట్టు దొరకబుచ్చుకుని వెనక్కి పడిపోయింది. ఆ ఊపుకి అతనూ అంచు మీదుగా పడవలో పడ్డాడు. కాసేపు ఇద్దరూ రొప్పుతూ ఉండిపోయారు. ఆమె చున్నీ చించి అతని కాలికి కట్టింది. కడుతూ కడుతూ ఏడ్చేసింది.

"బుడగ తాడు పాత వలలో చిక్కుకునింది" అన్నాడు. "పైకి రానీలా. కోసేసినా."

"ఎవుడు దిగమన్నాడు నిన్ను?"

"నువ్వే గదా."

"నేనంటే? నేనంటే దిగేస్తావా? భయపడి అన్నాను సామీ! నువ్వు మా నాయన్ని అడిగితే, ఆయన కాదంటే, నువ్వింక ఈ వైపు రావని భయం. ఆ భయంతో నోటికొచ్చింది కూసినా. నీకేమన్నా అయ్యుంటే నేనెట్టా బతకాల?"

పెంచలకృష్ణ వణుకుతూనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకిష్టం లేక అట్టా అన్నావనుకున్నా. వారమంతా అన్నం సయించలా."

"ఇష్టం లేకనా? ఇష్టం లేనోళ్లు పడవెక్కుతారా?"

అతను నడుముకున్న ఖాళీ వలసంచి చూపించాడు.

"ఒకటి పట్టినా. తిప్పి చూస్తే కడుపు కిందంతా గుడ్లు. వదిలేసినా. నమ్మవు గదా?"

"నమ్ముతుండా" అంది ధనలక్ష్మి. ముక్కు తుడుచుకుని ఇంజను తాడు లాగింది.

వాళ్లు ఒడ్డు చేరేసరికి ఫోన్లు అందుకున్న మగవాళ్లు పెళ్లి బట్టలతోనే వచ్చేసి ఉన్నారు. పట్టుపంచెతో ముత్యాలయ్య, పక్కనే ముఖేష్, వెనక పడవ తోలే ఏసుమణి నిలబడ్డారు. పెంచలకృష్ణని ఇద్దరు పట్టుకుని దించారు. ధనలక్ష్మి తనే దిగింది. ఎవరూ ఆమెకి చెయ్యివ్వలేదు. అది చూసి ఆమెకి అలల్లో కంటే ఎక్కువ భయమేసింది. నాన్న బతుకుదెరువుని తన కాళ్లతో తొక్కి వచ్చింది.

ఏసుమణి ముందుకొచ్చాడు. "ముత్యాలన్నా, నీ బిడ్డ ప్రాణం నిలబెట్టింది. మంచిదే. కానీ నేనింక ఈ పడవెక్కను. ఇంకెవురూ ఎక్కరు. నాతో గొడవ పెట్టుకోబాక."

ముత్యాలయ్య తడుముకుంటూ వచ్చి వేడిగా ఉన్న ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు.

"తిన్నె దాటేప్పుడు ఎత్తినావా?"

"ఎత్తినా నాయనా."

"గడ కాడ?"

"దూరంగా ఆపేసి తెడ్డేసినా."

ఆయన తల ఊపాడు. తర్వాత పెంచలకృష్ణ ఉన్న వైపు తిరిగాడు.

"అబ్బయా, నీకు పడవ తోలను వచ్చా?"

"రాదు పెద్దాయనా."

"నేర్చుకో. ఏసుమణి అన్నది విన్నావు గదా, దీన్ని ఇంకెవురూ ఎక్కరు. ఎక్కింది మీరిద్దురే, ఇంక ఎక్కాల్సింది గూడా మీరిద్దురే. మీ నాయన్ని వచ్చే ఆదివారం రమ్మని చెప్పు. మాట్లాడుకుందాం."

పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖేష్ ఈల వేయబోయి తండ్రిని చూసి ఆగాడు. పెంచలకృష్ణ అర్థం కానట్టు, అర్థమయీ నమ్మలేనట్టు నిలబడ్డాడు.

ధనలక్ష్మి ఊరందరి ఎదుట మళ్లీ పడవలోకి ఎక్కి కూర్చుంది. ఆయిలు అంటిన చెయ్యి చాచింది.

"నిలబడినావేంది సారూ? ఎక్కు, నేర్పిస్తా."

పెంచలకృష్ణ కుంటుకుంటూ పోయి ఆ చెయ్యి అందుకుని ఎక్కాడు.