కుడి చెంప

నాడిపట్టీ అంటేనే పైడిరాజుకి ఒళ్లు మంట. చెవి వెనక అతికించుకోగానే ఎవరిదో ఏడుపు మన గొంతులోకి వచ్చేస్తుంది. సినిమా అంటే చూసేది గానీ, ఒంటికి పూసుకునేదా? అయినా జనమంతా నాడిచిత్రాలకే ఎగబడుతున్నారు. నటులు ఉత్తుత్తినే ఏడిస్తే కుదరదిప్పుడు. ఆ బాధ వాళ్ల నరాల్లో నిజంగా పుట్టాలి. పట్టీ దాన్ని ప్రేక్షకుడి ఒంట్లోకి పంపుతుంది. జ్ఞాపకాన్ని కాదు, అనుభూతిని మాత్రమే. ఎవరి అనుభూతి ఎంత గాఢమో నాడికొలమానం తేల్చి, ఉత్తమ నటులెవరో అదే చెప్పేస్తుంది.

ఇవాళ మాత్రం బుద్ధిగా పట్టీ పెట్టించుకున్నాడు. విశాఖ సముద్రతీరంలో వెండిగువ్వ పురస్కారాల సభ. ఊరూవాడా మెచ్చిన బాక్సింగ్ చిత్రం ‘పదో అంకె’లో నాయిక అతని కూతురు సత్యవేణి. సినిమాల్లోకి వెళ్లాక ఆ పిల్ల ఇంటి గడప తొక్కడమే మానేసింది. ఎందుకో పైడిరాజుకి అంతుబట్టలేదు. ఇన్నాళ్లకి తనే పిలిచింది. ఈ సాయంత్రంతో కూతురు మళ్లీ తనదవుతుందని అతని ఆశ.

“సినిమా చూశారాండీ?” పక్క కుర్చీలోని విమర్శకుడు రామశేషు అడిగాడు.

“నాను సూసేదేటండీ? దానికి బాక్సింగు నేర్పిందే నాను. నా సేతి దెబ్బలు తినే ఇంతదయ్యింది,” అంటూ ఎడమచెయ్యి గర్వంగా ఊపాడు పైడిరాజు. పుట్టుకతో ఎడంచేతివాటం. పెళ్లిళ్లలో అక్షింతలు కూడా ఆ చేత్తోనే వేసి తిట్లు తిన్న ఘనుడు.

“అయితే ఒక వింత గమనించండి. తెరమీద దెబ్బ ఎడమ చెంపకి తగులుతుంది. భయం మాత్రం మనకి కుడి చెంపలో పుడుతుంది! దానిమీద నేనో పెద్ద వ్యాసమే రాశాను. ఆ భయం ముందు కొలమానం చేతులెత్తేసిందనుకోండి.”

దీపాలు ఆరాయి. తెరమీద ఆఖరి పోటీ. ప్రత్యర్థి కుడి పిడికిలి లేచింది. అది తగలకముందే పైడిరాజు కుడి చెంప చల్లబడింది. భయమేసింది. అది బరిలో పోటీదారుని చూస్తే పుట్టే భయం కాదు. ఆ భయం ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఇది చిన్నపిల్ల భయం; పారిపోవడానికి ఇంకో ఇల్లు లేనిది, కొట్టేవాడి మీద కోపం కూడా తెచ్చుకోలేనిది.

సభలో అందరి చేతులూ కుడి చెంపల మీదికి వెళ్లాయి. “చూశారా!” అన్నాడు రామశేషు సంబరంగా.

పైడిరాజు తన ఎడమచేతిని చూసుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ పిల్లకి ఆ చేతి దెబ్బ ఏ చెంపకి తగులుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయ్యో భగవంతుడా అనుకున్నాడు.

పురస్కారం సత్యవేణికే వచ్చింది. గెలిచినవారి సంతోషాన్ని అప్పటికప్పుడు సభకంతా పంచడం ఆనవాయితీ. ఆమె పట్టీని అందరి పట్టీలకీ కలిపారు. ఒక్కసారిగా అందరి గుండెలూ తేలికపడ్డాయి. జనం పకపకా నవ్వారు.

“నా మొదటి గురువు మా నాన్నే,” అంది సత్యవేణి. వేదిక దిగి వచ్చి, వంగి అతని పాదాలు తాకి లేచింది.

పైడిరాజుకి కళ్లనిండా నీళ్లు. కూతురి తలమీద చెయ్యివేసి దీవించాలనుకున్నాడు. దీవించేది కుడిచేత్తో అన్నది ఆ క్షణాన గుర్తుంటేనా! ఎడమచెయ్యే లేచింది.

నవ్వులు ఆగిపోయాయి. సభ యావత్తూ కుడి చెంప పట్టుకుంది. పైడిరాజు చెంప కూడా జివ్వుమంది. సత్యవేణి మాత్రం కదల్లేదు; ముఖం మీద నవ్వు అలాగే ఉంది.

అతను చెయ్యి దించేశాడు. సత్యవేణి నెమ్మదిగా చెవి వెనక పట్టీ ఊడదీసి పిడికిట్లో పెట్టుకుంది. సభలో ఎవరికీ ఇక ఏమీ తెలియడం లేదు. ఆమెకి ఏమనిపిస్తోందో తెలుసుకోవాలంటే పైడిరాజు నోరు తెరిచి అడగాల్సిందే. ఎప్పుడూ అడిగిన మనిషి కాదు.

“బాగా నొప్పెట్టేదేటమ్మా?” అని అడిగాడు.