ఆయన పేరు వద్దు

"నా గుమ్మం ఎక్కొద్దని మొన్ననే చెప్పానా, లేదా? మళ్ళీ ఎందుకొచ్చారండీ!"

టైలరమ్మ చేతిలోని కత్తెర బల్లమీద ఠప్పున పడింది. సగం కత్తిరించిన స్కూలు యూనిఫాం గుడ్డ నేలమీదికి జారినా ఆమె వంగి తీయలేదు. తడిసిన గొడుగు ముడుస్తున్న లెక్చరర్ గారు లోపలికి రావాలో, వెనక్కి పోవాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతూ, మిగిలిన సమయంలో పాత సైనిక విమానాల, హెలికాప్టర్ల ప్రమాదాల గురించి ఆరా తీసే మనిషి ఆమె. అలా చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలు అడిగితే, అసలేం జరిగిందో తెలుసుకుని చెబుతుంది.

"నేనే రమ్మన్నానమ్మా!" అంటూ లోపలి గదిలోంచి కూతురు వచ్చింది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన ఆ నర్సమ్మాయి ఇంకా డ్యూటీ బట్టలైనా మార్చుకోలేదు. "నాలుగు ప్రశ్నలడుగుతారు, అంతే. నాన్న తప్పేం లేదని తేలితే పోయినవాళ్ళ రాయిమీద ఆయన పేరు కూడా చెక్కుతారు. అది నీకు అక్కర్లేదా?"

"అక్కర్లేదు! ఆయన పేరు వద్దు... ఏమీ వద్దు! ఎవరూ ఏదీ తవ్వొద్దు!"

ఎప్పటి మాట అది! ఈ నర్సమ్మాయికి అప్పటికి మాటలైనా సరిగ్గా రాలేదు. ఆర్మీ హెలికాప్టర్ నడిపే తండ్రి ఒక ఉదయం ఇంట్లోంచి వెళ్ళి, ఊరి చివర బీడులో కూలిపోయి, మళ్ళీ రాలేదు. ఆయనతోపాటు పక్క సీట్లోని కుర్ర పైలట్, వెనక కూర్చున్న సిపాయిలు పోయారు. ఒక్క సిపాయి మాత్రం బతికాడు. పైలట్ సమయానికి తేరుకోలేకపోవడమే కారణమని విచారణలో తేల్చేశారు. ఇన్నాళ్ళకి ఆ యూనిట్‌వాళ్ళు చనిపోయినవాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెడతామన్నారు. కానీ కుర్ర పైలట్ తల్లి ఒప్పుకోలేదు. "చంపినవాడి పేరూ, చచ్చినవాడి పేరూ ఒకే రాయిమీదా? నా కంఠంలో ప్రాణం ఉండగా కుదరదు!" అందట. దాంతో ఈమె తండ్రి పేరు లేకుండానే చెక్కిద్దామని వాళ్ళు నిర్ణయించుకున్నారు. ఆ మాట విన్న రోజు నుంచి కూతురికి తిండి సహించడం లేదు.

"అంటే... లోకమంతా అనేదే నువ్వూ నమ్ముతున్నావన్నమాట!" కూతురు రెండడుగులు ముందుకొచ్చింది. "ఊళ్ళోవాళ్ళంటే సరే. కట్టుకున్నదానివి, నువ్వు కూడా నాన్నే వాళ్ళని చంపాడనుకుంటే..."

చెంప ఛెళ్ళుమంది!

పెళ్ళయి, ఇద్దరు పిల్లల్ని కన్న కూతురిని, పరాయి మనిషి ముందు! కొట్టిన చెయ్యి కొట్టినట్టే గాలిలో ఆగిపోయింది. కూతురు ఏడవలేదు. చెంపమీద చెయ్యి వేసుకుని లెక్చరర్ గారి వైపు తిరిగి, "మీరు మీ పని ఆపకండి మేడమ్. అడిగేది కూతురు. చాలదా?" అంది. ఇద్దరూ వానలోకి వెళ్ళిపోయారు.

టైలరమ్మ మిషను ముందు కూలబడింది. అయ్యో, ఈ పిల్లకి ఎలా చెప్పను! నీ తండ్రి చంపలేదే... చంపింది నేను! ఆ ముక్క నోటివరకు వచ్చి, ఎన్నిసార్లు వెనక్కిపోయిందో! ఆ ఉదయం ఆయనకి విపరీతంగా జలుబు చేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తెల్లవార్లూ దగ్గుతూనే ఉన్నారు. "మాత్ర వేసుకోండి" అంటే నవ్వి, "పిచ్చిదానా, పైకి ఎగిరే రోజు మాకు మందులు ముట్టుకునే వీల్లేదు. డాక్టరుకి తెలిస్తే నన్ను కిందే కూర్చోబెడతాడు" అన్నారు. జలుబు మాత్రే కదా, ఏమవుతుంది అనుకుంది తను! వేడి పాలలో పొడి చేసి కలిపేసింది. ఆయన గటగటా తాగి, పాప నుదుటిమీద ముద్దుపెట్టి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి విచారణలో ఏం తేల్చారో వినగానే ఆమెకి ఆ పాలగ్లాసే గుర్తొచ్చింది. తేరుకోలేకపోయారట... ఎలా తేరుకుంటారు? ఆ మత్తు తను పోసిందే కదా!

అంత్యక్రియల రోజు కుర్ర పైలట్ తల్లి అందరిముందూ ఆమె భుజాలు పట్టి కుదిపేసి, "నీ మొగుడు నా బిడ్డని పొట్టన పెట్టుకున్నాడే!" అని గుండెలు బాదుకుంది. ఆ కుర్రాడు రోజూ వీళ్ళింటికి వచ్చి, "అక్కా, ఇంకాస్త వడ్డించు" అని అడిగి తిన్నవాడు. 'ఆయన కాదు పిన్నిగారూ, నేను' అని ఆ క్షణంలో అనాల్సింది. అనలేదు! తన పాపాన్ని చచ్చిపోయిన మనిషి నెత్తిన పెట్టేసి, పాపని చంకనేసుకుని, ఎవరూ ఎరగని వీధికి వచ్చి మిషను పెట్టుకుంది. మాత్ర కలపడం తెలియక చేసిన తప్పు. మరి ఇన్నేళ్ళ మౌనం? అది తెలిసి చేసిందే కదా! ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కుట్టే గుడ్డ కళ్ళకి మసకబారిపోయేది.

తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి. "తిన్నావా?" "తిన్నా." అంతే. వానలు వెళ్ళి ఎండలు ముదిరాక, ఒక ఆదివారం ఉదయం కూతురు లెక్చరర్ గారినీ, చంకలో కర్ర పెట్టుకున్న ఒక పెద్దమనిషినీ వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి టైలరమ్మ వద్దనలేకపోయింది. ఆ మనిషి ఒంటికాలిమీద నిలబడి నవ్వుతూ, "ఒక కాలు ఆ బీడులోనే వదిలేసి వచ్చాను వదినమ్మా, అందుకే మీ ఇంటికి రావడం ఇంత ఆలస్యమైంది!" అన్నాడు. అతనే ఆ రోజు బతికిన సిపాయి. ఇప్పుడు సైకిళ్ళు బాగుచేసే దుకాణం నడుపుకుంటున్నాడు.

కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాక అతని నవ్వు పోయింది.

"నేను తలుపు పక్కనే ఉన్నాను వదినమ్మా. తోక దగ్గర తిరిగే చిన్న ఫ్యాను విరిగిపోయింది. నా కళ్ళతో చూశాను! బండి బొంగరంలా తిరగడం మొదలెట్టింది. కింద సంత... అంతా జనం. సారు 'తలలు వంచండి, గట్టిగా పట్టుకోండి' అని అరిచి బీడు వైపు లాక్కెళ్ళారు. మామూలుగా అయితే ఆ సంత మీదే పడాలి. పక్కన కుర్ర సారు ఎత్తు ఎంతుందో చదివి చెబుతూనే ఉన్నాడు, నేల తగిలేదాకా. నాకు స్పృహ వచ్చేసరికి విచారణ ముగించేశారు. తర్వాత చెబుదామని పోతే, తలకి దెబ్బ తగిలింది, నీకేం గుర్తుంటుంది పొమ్మన్నారు."

"అదే రకం హెలికాప్టర్లలో ఆ భాగానికి పగుళ్ళు వస్తున్నాయని తర్వాత అన్నిటికీ మార్చేశారమ్మా," అంది లెక్చరర్ గారు. "దాన్ని బిగించిన మెకానిక్‌లు ఇద్దరితో మాట్లాడాను. పాత తీర్పు మార్చమని యూనిట్‌వాళ్ళని అడగొచ్చు."

కూతురు ముఖం చేతుల్లో దాచుకుని భోరుమంది. "విన్నావా అమ్మా! నాన్న జనాన్ని కాపాడాడు! విన్నావా!"

టైలరమ్మ మాత్రం సిపాయి వైపు తిరిగి, అతి చిన్న గొంతుతో అడిగింది. "ఆయన... నిద్రమత్తుగా ఉన్నారా బాబూ?"

గదిలో అందరూ ఆమెనే చూశారు. ఇక ఆగలేకపోయింది. పాలు, మాత్ర, ఆయన నవ్వు, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడలేదు. చివరికి కూతురు చెయ్యి పట్టుకుని, "నువ్వు నర్సువి కదే! చెప్పు... ఆ మాత్రకి మత్తు వస్తుందా, రాదా? నా మొహం చూసి అబద్ధం చెప్పకు!" అంది.

కూతురు మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కుంది. "వస్తుందమ్మా... చాలామందికి వస్తుంది."

"మత్తులో ఉన్న మనిషి అంత చురుగ్గా తిప్పలేడు వదినమ్మా!" అన్నాడు సిపాయి ఆత్రంగా.

లెక్చరర్ గారు నిట్టూర్చింది. "ఆ ఫ్యాను విరిగాక ఎంతటి పైలట్‌కైనా కష్టమేనమ్మా. అది గట్టిగా చెప్పగలను. కానీ మాత్ర వల్ల ఒక్క క్షణం కూడా తేడా రాలేదని నేను ప్రమాణం చేయలేను... ఎవరూ చేయలేరు. ఈ సంగతి బయటపెట్టాలో లేదో మీ ఇష్టం."

"వద్దు! ఇది తెలిస్తే నాన్న పేరు ఇక ఎప్పటికీ రాదు!" అని అరిచింది కూతురు.

"తెలియాలే," అంది తల్లి. "మీ నాన్న తప్పులేదని చెబితే మొత్తం చెప్పాలి. సగం దాచి ఆయనకి పేరు తెస్తే, అది మళ్ళీ నా దొంగతనమే. ముందు ఆ పిన్నిగారికి చెప్పాలి."

మర్నాడే బయల్దేరింది. కూతురు వెంట వచ్చింది కానీ బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

కుర్ర పైలట్ తల్లి మూడో అంతస్తులో, బాల్కనీకి బట్టలు ఆరేసిన చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. చూపు దాదాపు పోయింది. పేరు చెప్పగానే ముఖం గట్టిపడింది. "ఎందుకొచ్చావు? ఆ రాయికి ఒప్పుకున్నానని సంతకం పెట్టమనా?"

"కాదు పిన్నిగారూ... తప్పు చెప్పుకోవడానికి." టైలరమ్మ నేలమీద కూర్చుని, ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఫ్యాను సంగతి, సంత సంగతి, పాల సంగతి. "మీరు ఆ రోజు తిట్టాల్సింది ఆయన్ని కాదు, నన్ను. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టనిచ్చాను..."

పెద్దావిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక్కసారిగా, "మావాడు చివరిదాకా ఎత్తు చదివాడన్నావు. గొంతు వణికిందటా?" అంది.

"లేదట పిన్నిగారూ. పాఠం ఒప్పచెప్పినట్టు చెప్పాడట."

"వాడు చిన్నప్పుడూ అంతే!" ఆ చూపులేని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. "ఎక్కాలు నిద్రలో కూడా తప్పేవాడు కాదు... ఇంతకాలం వాడు అరుస్తూ పోయాడనుకున్నానమ్మాయ్! రోజూ నా చెవుల్లో వాడి అరుపే! ఎవరూ వచ్చి చెప్పలేదే! నువ్వూ రాలేదు!"

ఆ చివరి మాట టైలరమ్మకి మాత్ర కన్నా చేదుగా గుండెలో దిగింది. అవును, రాలేదు. ఆమె కాళ్ళమీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దావిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, తలమీద చెయ్యీ వేయలేదు.

"క్షమించానని నా నోట ఇవాళ రాదు," అంది చివరికి. "వస్తుందో రాదో నాకే తెలీదు. ఆ రాయిమీద మీ ఆయన పేరు చెక్కుకోమను, దానికి నేనడ్డు రాను. మావాడు మీ ఇంట్లో ఏం తినేవాడో, ఏం మాట్లాడేవాడో నీకే తెలుసు. ఇంకెవరికీ తెలీదు. మళ్ళీ వారం రా. అన్నీ చెప్పు."

మెట్లు దిగుతూ టైలరమ్మ గోడ పట్టుకుంది. ముందు నడుస్తున్న కూతురు ఆగింది. వెనక్కి రెండు మెట్లెక్కి వచ్చి తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. కోపం ఇంకా పోలేదని ఆ పట్టులోనే తెలుస్తోంది. అయినా వదల్లేదు.

"నాకింకా మనసు కుదుటపడలేదమ్మా," అంది కూతురు, కన్నీళ్ళు మింగుతూ. "నిన్ను చూస్తే ఏడుపొస్తోంది, కోపమొస్తోంది... నాకే తెలీడం లేదు. కానీ వచ్చేవారం నువ్వొక్కదానివే రావద్దు. నేనూ వస్తాను."

"డ్యూటీ ఉండదూ?"

"మార్చుకుంటాలే. నాన్న గురించి నాక్కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు... ఆవిడతో పాటు నేనూ కూర్చుని వింటాను."

టైలరమ్మ తల ఊపి, కూతురి భుజం ఆసరాగా తర్వాతి మెట్టుమీద అడుగు వేసింది.