వేలి మీద తడి

హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖాన. మూడో అంతస్తులో ఐసీయూ, దాని పక్కనే అగ్గిపెట్టెంత గది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, మంచినీళ్ల సీసా. "ఇక లాభం లేదు" అన్న మాటను డాక్టర్లు ఇంగ్లీషులో చెప్పి చక్కా పోతారు. దాన్ని మనుషులకు అర్థమయ్యేలా చెప్పే పని ఆ గదిలో జరుగుతుంది. ఆ పని విమలది.

పాతికేళ్ల నుంచి నర్సు. గుండె ఆగితే ఛాతీ నొక్కి మళ్లీ కొట్టించాలా, వద్దా? గొంతులో గొట్టం ఉంచాలా, తీయాలా? ఇవి అడగాలంటే నోరు రావాలి కదా! విమలకు వచ్చేది. ఎదురుగా కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, "మీ అవ్వను ఇంకా కష్టపెడుదమా బిడ్డా?" అనేది. ఎంత మొండివాళ్లైనా ఆ మాటకు తల వంచి సంతకం పెట్టేవాళ్లు. విమల మాట్లాడితే ఒప్పుకోని ఇల్లు లేదని దవాఖానంతా పేరు. ఆ పేరంటే ఆమెకు లోపల్లోపల ముచ్చటే.

ఆర్నెల్ల కింద ఆ గదికి మారిన మౌనికకు విమల పని నేర్పింది. మౌనిక ఇద్దరు పిల్లల తల్లి, నెమ్మదస్తురాలు. ఆమెకు విమల ముఖ్యంగా చెప్పింది రెండే.

"పేషెంట్ చేతుల నీ చూపుడు వేలు పెట్టి, ఇనపడితే రెండుసార్లు నొక్కమని అడుగు. ఒక్కసారి నొక్కిందనుకో, నరం గుంజిందేమో అనుకోవచ్చు. రెండుసార్లు నొక్కిందంటే లోపల మనిషున్నట్టే."

"రెండోదేంది అక్కా?"

"ఇంటోళ్లు సంతకం పెట్టినంక మళ్ల ఆశ పెట్టొద్దు. గుండె రాయి చేసుకుని ఉంటరు. మళ్ల ఆశ పెట్టుడంత పాపం ఇంకోటి లేదు."

ఈ రెండూ ఒకేరోజు ఎదురెదురు పడతాయని విమల అనుకోలేదు.

ఆ రోజు సమ్మమ్మను ఇంటికి పంపుతున్నారు. తొర్రూరు అవతల పల్లె ఆమెది, అరవై దాటిన మనిషి. పత్తి ఏరుతూ చేన్లోనే పడిపోయింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. ఊపిరితిత్తులు చెడిపోయాయి, స్పృహ వచ్చినా మిషన్ లేకుండా బతకడం కష్టమని డాక్టర్ శ్యాంసుందర్ తేల్చేశాడు. కష్టమన్నాడే గానీ, బతకదని అనలేదు. కొడుకు కొమురెల్లి పది రోజులు కాగితం ముట్టలేదు. పదకొండో రోజు విమల చెప్పగా చెప్పగా, ఏడుస్తూ సంతకం పెట్టాడు.

ఆ పల్లెల్లో ఒక పద్ధతుంది. ప్రాణం ఇంట్లోనే పోవాలి. బయట పోతే పీనుగును గడప దాటనివ్వరు, వాకిట్లోనే ఉంచుతారు. అందుకే గొట్టం తీయకుండా, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కి ఊపిరి పోస్తూ అంబులెన్సులో ఇంటిదాకా తీసుకుపోతారు. గడప లోపల పడుకోబెట్టి అప్పుడు గొట్టం తీస్తారు. బిడ్డలు నోట్లో నీళ్లు పోస్తారు.

"నువ్వే రావాలె సిస్టరమ్మా. నీ మాట మీదనే ఒప్పుకున్న," అన్నాడు కొమురెల్లి. విమల సరేనంది.

స్ట్రెచర్ మీదికి మార్చే ముందు, అలవాటు కొద్దీ సమ్మమ్మ అరచేతిలో వేలు పెట్టింది. "సమ్మక్కా, ఇనపడితే రెండుసార్లు నొక్కు."

ఒకటి.

రెండు.

మెల్లగానే. కానీ స్పష్టంగా.

విమల వేలు వెనక్కి లాక్కుంది. కింద అంబులెన్సు ఇంజను ఆన్ చేసి ఉంది. మెట్ల దగ్గర ఇరవై మంది చుట్టాలు కళ్లు తుడుచుకుంటున్నారు. పది రోజులు కూడగట్టిన ధైర్యం. ఇప్పుడు పోయి కొమురెల్లితో ఏమని చెప్పాలి? నేను చెప్పింది తప్పు అనా? కాగితంలో 'స్పందన లేదు' అని రాసేసింది. చేతిరాత వణకలేదు. తర్వాత్తర్వాత ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే.

వర్ధన్నపేట దాటేసరికి పొద్దు గూకింది. ముందు పత్తి ట్రాక్టర్లు బారులు తీరాయి. అంబులెన్సులో సన్నని పసుప్పచ్చ దీపం, స్పిరిటు వాసన, చుట్టాలు తెచ్చిన కర్పూరం వాసన. విమల సంచి నొక్కుతూ ఉంది. ఉస్సు... అయిదు అంకెలు లెక్కపెట్టడం... ఉస్సు. ముందు సీట్లో కొమురెల్లి వెనక్కి తిరగకుండా కూర్చున్నాడు.

దుప్పటి కింద నుంచి సమ్మమ్మ చెయ్యి జారి బయటికొచ్చింది. ఆ చెయ్యి విమల ఆప్రాను అంచు పట్టుకుంది.

రెండుసార్లు గుంజింది.

విమల లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. ఉస్సు... ఒకటి, రెండు, మూడు...

రెండుసార్లు గుంజింది.

"ప్రభువా, నరాలే కదా... నరాలే," అని గొణుక్కుంది. తొర్రూరు దాకా అదే వరస. ఆగడం, రెండుసార్లు గుంజడం. ఆగడం, రెండుసార్లు గుంజడం. నిద్రపోయే తల్లిని లేపే పసిపిల్ల లాగా.

ఇంటి ముందు కరెంటు లేదు. లాంతరు వెలుగులో స్ట్రెచర్ దింపారు. గడప మీద కొమురెల్లి ఒక్కసారిగా ఆగిపోయాడు. విమల చెవి దగ్గరికి వంగాడు.

"సిస్టరమ్మా... మా అవ్వకు సోయి ఉన్నదా? నిజం చెప్పు. ఉంటే గిట్లనే వాపస్ తీస్కపోత. ఎడ్లమ్మి అయినా బతికిచ్చుకుంట."

అదీ అడగాల్సిన ప్రశ్న. అడగాల్సిన చోటే అడిగాడు. ఇక్కడ ఒక్క మాట చాలు. విమల నోట్లో ఆ మాట ఉంది కూడా.

"లేదు బిడ్డా. ఏం ఫికర్ పెట్టుకోకు," అంది.

లోపల పడుకోబెట్టారు. విమల ప్లాస్టర్ విప్పి గొట్టం తీసింది. కూతురు సుకన్య రాగి చెంబుతో నోట్లో నీళ్లు పోసింది. సమ్మమ్మ మింగింది. అందరూ అది నీళ్లు జారడమే అనుకున్నారు. విమల చూపుడు వేలు అప్పటికే ఆ పిడికిట్లో ఉంది, ఎప్పుడు పోయిందో తెలియదు. నోటి పక్క నుంచి కారిన నీళ్లు మెడ మీదుగా, చెయ్యి మీదుగా వేలిని తడిపాయి. సమ్మమ్మ సొంతంగా ఏడు ఊపిర్లు తీసుకుంది. ఏడూ విమల లెక్కపెట్టింది. తర్వాత ఇల్లంతా గొల్లుమంది.

పిడికిలి మాత్రం వదల్లేదు. సుకన్య ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. విమల తన వేలు ఆప్రానుకు తుడుచుకుంది. తుడిచినా తడి పోలేదు.

పన్నెండో రోజు కర్మ అయిపోయాక కొమురెల్లి గుండుతో దవాఖానకు వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "నీ మాట మీదనే ధైర్యం చేసిన సిస్టరమ్మా. మా అవ్వ కష్టపడకుంట పోయింది." విమల అప్పుడైనా చెప్పాలనుకుంది. కానీ ఇప్పుడు చెప్తే అతను ఏమైపోతాడు? దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. ఇంటికి పోయి కుక్కర్ పెట్టి, స్టవ్ వెలిగించకుండానే అరగంట దాని ముందు నిలుచుంది.

ఆ వారమే మొదలైంది.

పరకాల నుంచి ఒక కుర్రాడు. బండి మీద నుంచి పడ్డాడు. మెదడు పూర్తిగా చచ్చిపోయిందని రెండుసార్లు పరీక్ష చేసి చెప్పారు. విమల వేలు పెట్టి అడిగింది.

ఒకటి. రెండు.

గబుక్కున చెయ్యి తీసింది. వేలు తడిగా ఉంది. కుర్రాడి అరచేయి చూస్తే పొడిగా, చల్లగా ఉంది. మౌనికను పిలిచింది. మౌనిక అయిదు నిమిషాలు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆ రోజు తర్వాత ఏ చెయ్యి పట్టుకున్నా అదే. ఒకటి, రెండు. ముసలివాళ్లు, పడుచువాళ్లు... అందరి చేతుల్లోనూ ఒకే చెయ్యి. పత్తికాయలు గీరుకుని గరుకెక్కిన చెయ్యి.

ఒక సాయంత్రం ఒకాయన పోయి గంట దాటింది. తెల్లగుడ్డ కప్పారు. ఒక చెయ్యి మంచం బయటికి వేలాడుతుంటే విమల దాన్ని లోపలికి సర్దింది. గుడ్డ కిందే... ఆ చెయ్యి ఆమె వేలు పట్టుకుంది... ఒకటి... రెండు... ఎక్కడో దగ్గర్లో, ఎవరూ నొక్కని సంచి చప్పుడు. ఉస్సు... ఉస్సు...

"ఏందక్కా, ఊకె ఏలు తుడుస్తానవు? తోలు ఊడొస్తది," అంది మౌనిక.

"ఏం లేదు. ఇగ నుంచి వేలు పెట్టి చూసుడు నీ పని. నా వల్ల అయితలేదు."

మౌనిక సరేనంది. అప్పగించిన పని చక్కగా చేసేది. విమల చెప్పినట్టే అడిగేది, విమల నేర్పినట్టే మాట్లాడేది. ఇళ్లవాళ్లు ఇప్పుడు మౌనిక మాటకూ ఒప్పుకుంటున్నారు.

విమల భర్త సాల్మన్ స్కూలు బస్సు నడుపుతాడు. నవ్వులాటల మనిషి. వీళ్లకు పిల్లల్లేరు, ఒకరికొకరే లోకం. ఫిబ్రవరిలో ఒక పొద్దున పిల్లలందర్నీ దింపేసి, బస్సు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. విమల పనిచేసే ఐసీయూలోనే, సమ్మమ్మ పడుకున్న మంచం పక్క మంచం మీదే పడుకోబెట్టారు.

మూడో రోజు మధ్యాహ్నం విమల ఆ అగ్గిపెట్టె గదిలో మొదటిసారి అవతలి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా డాక్టర్ శ్యాంసుందర్. మౌనిక నీళ్ల సీసా ఆమె ముందుకు జరిపింది.

"బావను ఇంకా కష్టపెడుదమా అక్కా?"

ఆ మాట అంత బరువుంటుందని విమలకు ఇన్నేళ్లూ తెలియదు. ఎంతమందిని అడిగింది, ఎన్నిసార్లు అడిగింది! గుండె ఆగితే నొక్కవద్దు, ఊరుకోండి అని రాసిన కాగితం కింద సంతకం పెట్టింది. పెట్టాక కాళ్లు ఆగలేదు. మంచం దగ్గరికి పరుగెత్తి, ఇన్ని నెలల తర్వాత, వేలు పెట్టింది.

"సాల్మన్... నేను. ఇనపడితే రెండుసార్లు నొక్కు."

ఒకటి.

రెండు.

వేలు తడిసిపోయింది.

విమల పెదవులు కొరుక్కుంది. సాల్మనా? ఆమా? స్టీరింగు పట్టిన చెయ్యా, పత్తి ఏరిన చెయ్యా? గరుకుదనం ఇద్దరిదీ ఒకటే. "సాల్మన్, నువ్వే అయితే మూడుసార్లు నొక్కు... మూడు..." రెండే. మళ్లీ రెండే. "సమ్మక్కా, నీ కాళ్లు పట్టుకుంట, వదిలిపెట్టు. నేను చేసింది తప్పే. ఆయనేం చేసిండు? ఒక్కసారి పక్కకు జరుగు, నా మొగణ్ని నాతోని మాట్లాడనియ్యి..."

ఒకటి. రెండు.

"మౌనికా! ఇటు రా. నువ్వు చూడు. నాకు తెలుస్తలేదు. నువ్వు చెప్పు, నువ్వేం చెప్తే అదే. సోయి ఉన్నదంటే ఈ కాగితం ఇక్కడ్నే చింపేస్త."

మౌనిక మంచానికి అవతలి వైపు వచ్చింది. చూపుడు వేలు సాల్మన్ అరచేతిలో పెట్టింది. వంగి, మెల్లగా అడిగింది. "బావా, ఇనపడితే రెండుసార్లు నొక్కు."

విమల ఆమె మొహమే చూస్తూ ఉంది. మౌనిక కనురెప్పలు ఒకసారి అదిరాయి. తర్వాత ఇంకోసారి. చాలాసేపు వంగే ఉంది. లేచి నిలబడింది గానీ, విమల కళ్లలోకి చూడలేదు. విమల చేతిలో ఉన్న కాగితం మీది సంతకం వైపు చూసింది.

"లేదక్కా. సోయి లేదు. ఏం ఫికర్ పెట్టుకోకు."

తలాపున మిషన్ గంట మోగడం మొదలైంది. తెర మీద గీత కిందికి జారుతోంది. డాక్టర్ శ్యాంసుందర్ పరుగున వచ్చి ఆగాడు. "సిస్టర్, టైం లేదు. సంతకం మాటే మాటనా? నొక్కాలా, వద్దా?"

విమల జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఆమె చూపు మౌనిక చేతి మీద పడి ఆగిపోయింది.

మౌనిక తన చూపుడు వేలిని ఆప్రానుకు తుడుచుకుంటోంది. తుడుస్తూనే ఉంది. తెల్లటి బట్ట మీద తడి మరక వెడల్పవుతోంది.