పిచ్చుక మెడ మీద గడ్డ

"పై గుండీ పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు!"

అత్తగారు మనవరాలి గౌను కాలరు బిగించింది. కోడలు వచ్చి విప్పేసింది.

"ఒరుసుకుంటోందత్తయ్యా..."

"ఒరుసుకోనీ! వచ్చినవాళ్ళ కళ్ళన్నీ దాని మెడ మీదే! 'క్షయేమో' అని పక్కింటావిడ మొహం మీదే అనేసింది!"

ఒక్క గుండీ కోసం పొద్దున్నే ఇంత రభస! అందరూ పిచ్చుక అని పిలిచే ఆ మూడేళ్ళ పిల్లకి దవడ కింద ఎడమవైపు గడ్డ లేచి ఏడు వారాలైంది. రెండు రకాల మందులు తాగించినా తగ్గలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, అన్నం మానలేదు. పైన చర్మం మాత్రం పల్చబడి వంకాయ రంగుకు తిరిగింది. ఇంట్లోనే బట్టలు కుట్టే ఆ తల్లి వారం వారం టేపుతో గడ్డను కొలిచి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటూ వచ్చింది.

"సాయంత్రం కాంపౌండరు వచ్చి చిన్న గాటు పెట్టి చీము తీసేస్తాడు. మీ ఆయన సెగ్గడ్డ తీసిందీ ఆయనే!"

"సెగ్గడ్డయితే సలపాలి కదత్తయ్యా! ఇది ముట్టుకుంటే పిల్ల నవ్వుతోంది!"

పెళ్ళయ్యాక ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారి. పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

డాక్టరమ్మ ఆ కాగితమంతా చదివింది. "దీన్ని ఎవరైనా కోశారా?"

"లేదండీ. ఇవాళ కోయిద్దామన్నారు..."

"బతికించావు తల్లీ! కోసుంటే నెలల తరబడి కారుతూనే ఉండేది!"

చర్మానికి క్షయ పరీక్ష చేశారు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఇంట్లోవాళ్ళెవరికీ క్షయ లేదు. "ఇది క్షయ క్రిమికి దాయాది లాంటిదనుకుంటున్నాను. మట్టిలో, నీళ్ళలో ఉంటుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. గడ్డను ముక్క మిగలకుండా తీసేయడమే మంచిది. తీశాక ల్యాబుకి పంపితే నెలన్నరలో తేలుతుంది. కాకపోతే... పెదవిని కదిలించే నరం పక్కనే ఉంది."

కబురందుకుని వచ్చిన భర్త మొహం పాలిపోయింది. "మూతి వంకరపోతే...?"

"సంతకం నేను పెడతానండీ! తప్పయితే జన్మంతా నన్నే తిట్టండి!"

ఆపరేషన్ అయ్యాక పిల్ల ఏడిస్తే పెదవి ఒకవైపే కదిలింది! "చూశావా నీ పంతం..." అని అత్తగారు గుండెలు బాదుకుంది. నరం తెగలేదు, కమిలిందంతే, కోలుకుంటుందన్నారు డాక్టరమ్మ. కోడలు కళ్ళు తుడుచుకుని రోజూ పిల్లతో సబ్బు బుడగలు ఊదించింది. ఐదు వారాలు అలాగే గడిచాయి. ఆరో వారంలో ఒకనాడు పిచ్చుక నాయనమ్మ కళ్ళజోడు తన ముక్కున పెట్టుకుని నవ్వింది... రెండు వైపులా సమంగా! అదే రోజు ల్యాబు కాగితమూ వచ్చింది. క్షయ కాదు, డాక్టరమ్మ చెప్పిన దాయాదే!

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు ముద్ద కలిపి నోట పెట్టుకోకుండా ఆగింది.

"అందరూ వినండి. ఇక నుంచి ఈ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆఖరి మాట నా కోడలిది. నాతో సహా!"

"కాంపౌండరు నొచ్చుకుంటాడేమోనే అమ్మా!" అన్నాడు కొడుకు.

"నోరు మూసుకుని తిను!" అని కసిరి, అత్తగారు కోడలి వైపు తిరిగింది. ఆ గొంతు ఇంత మెత్తగా ఉండగలదని ఇంట్లో ఎవరికీ తెలీదు. "రేపు నా మోకాలు చూపించుకోవాలమ్మా... ఎవరి దగ్గరికి తీసుకెళ్తావో నువ్వే చెప్పు."