కోళ్లు లేని షెడ్డులో ఏడుపు

పాల్మాకుల దాటి ఎడమకు మళ్లితే ఒక కోళ్ల షెడ్డు ఉండేది. ఉండేది అంటే... గోడలు ఇప్పటికీ ఉన్నాయి. నెత్తి మీద విమానాలు పోతున్నాయి, చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతారు. అయినా చీకటి పడ్డాక ఆ తొవ్వన నడిచే మొనగాణ్ణి, నన్ను తప్ప, ఇంకొకణ్ణి నేను చూడలేదు.

ఏదో రోగమొచ్చి ఒక్క వారంలో కోళ్లన్నీ చచ్చాయి. యజమాని తాళం పెట్టి పట్నం పోయాడు. ఆ మరుసటేడు, తొంభై ఆరులో, కోళ్లు లేని ఆ షెడ్డులోంచి రాత్రిళ్లు పసిపిల్ల ఏడుపు వినపడటం మొదలైంది.

ఏడుపు ఒక్కటే అయితే నక్క అనుకుందుం. కానీ ఏడుపు ఆగే ముందు పొలం గట్టు మీద తెల్లచీర కదిలేది... మొహం మాత్రం కనపడేది కాదు.

దెయ్యాలు నాకు కొత్త కాదు. హిమాయత్ సాగర్ కట్ట మీద ఒకదాన్ని జుట్టు పట్టుకుని తెల్లారేదాకా కూర్చోబెట్టినవాణ్ణి. ఆ రోజుల్లో నేనొక కేక వేస్తే సాగర్‌లో చేపలు అవతలి ఒడ్డుకు పోయేవి. చూసినవాళ్లు బతికుంటే చెప్పేవాళ్లు.

అయితే ఈ షెడ్డు సంగతి ముందు తగిలింది తోమాసుకు.

తోమాసు రాజేంద్రనగర్ వ్యవసాయ కాలేజీలో పశువుల కొట్టం పని చేసేవాడు. పొద్దుపోయాక డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తుంటే సరిగ్గా షెడ్డు ముందర చైను ఊడింది. వంగి చైను ఎక్కిస్తున్నాడు. లోపల ఏడుపు. వెనక గట్టు మీద అడుగుల చప్పుడు... అతన్ని దాటి షెడ్డులోకి పోయింది. ఏడుపు టక్కున ఆగింది.

ఆ తర్వాత — చప్... చప్... చప్...

సైకిల్ అక్కడే వదిలేసి మా ఇంటికి ఉరికొచ్చాడు.

"అన్నా... అది తాగుతున్నది."

"ఏంది తాగుతున్నది?"

"పసిపిల్ల నెత్తురు గావచ్చు. నువ్వు సాగర్ కట్ట మీద పట్టినవు గద, దీన్ని గూడ పట్టు."

"రేపు పడ్త."

"రేపు నీకు మోకాలు నొప్పి లేస్తదని మా ఇంటిది యేసమ్మ ఎప్పుడో చెప్పింది," అన్నాడు.

ఆ మాట పడి ఊరుకునే రకమా నేను? టార్చిలైటు పట్టుకుని బయల్దేరాను. భయం తెలియకుండా తోమాసుతో ఊరి ముచ్చట్లు మొదలుపెట్టాను. భయం వాడిదే.

"సర్పంచి ఇంట్ల నూరే రాయి లేదటరా. పచ్చడి నూరను మా ఇంటికే వస్తది."

"కుర్చీ దొరికినంక రాయెందుకన్నా," అని తోమాసు నవ్వబోయి ఆగాడు. షెడ్డు వచ్చింది.

చప్... చప్...

తాళం తీసి ఉంది. తలుపు తోశాను. లైటు వేశాను.

గోడకు ఆనుకుని తెల్లచీర. నెత్తి మీదుగా కొంగు. ఒళ్లో ఏదో కదులుతోంది. కొంగు కింద నుంచి గొంతు వచ్చింది, నెమ్మదిగా...

"లైటు తీయన్నా. పిల్ల కండ్ల పడ్తున్నది."

మా ఊరి సర్పంచి శివమ్మ. రొమ్ము దగ్గర నాలుగు నెలల ఆడపిల్ల.

లైటు గోడ మీదికి తిప్పాను. శివమ్మ మూడో కాన్పు బిడ్డ పురిట్లోనే పోయిందని ఊరంతటికీ తెలుసు. మొగుడు సోమయ్య బట్టలో చుట్టి ఎత్తుకుపోయి, ఊరి బయట బొంద తీసి పెట్టాడు. నేనూ మట్టి వేశాను. ఏడ్చాను కూడా... నేను ఏడ్చాక గాని మిగతా ఊరికి ఏడుపు రాలేదు.

"మరి మేం మట్టి పోసింది దేనికి శివమ్మా?"

ఆమె బిడ్డ నెత్తి నిమిరింది.

"సర్పంచి గిరి పోతదని మా ఆయన దాచిపెట్టిండు. పగలు వాళ్ల మేనత్త ఈరమ్మ చూస్తది. పగలు ఏడ్చినా పక్కన కంకర మిషన్ మోతల ఎవ్వరికీ ఇనబడదు. బయటపడ్డదో... పట్నంల పిల్లల్లేనోళ్లకు ఇచ్చేస్తనన్నడు. ఎవ్వరికి చెప్పకుండ్రన్నా. నా బిడ్డ నాకు దక్కదు."

ఎవరికీ చెప్పబోమని మాట ఇచ్చాం. ఇంటికొచ్చి పడుకున్నా నా ఒళ్లు మండుతూనే ఉంది.

కానూన్ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ పదవికి పనికిరారని సర్కారు తేల్చింది. ఒక గడువు పెట్టింది. ఆలోపు ఎంతమంది పుట్టినా మాఫీ. గడువు దాటి మూడోది పుట్టిందా, కుర్చీ ఖాళీ. అసెంబ్లీలో కూర్చునేవాడికి డజను మంది ఉన్నా అడిగే దిక్కు లేదు. ఊరి బడి ముందర చెక్క కుర్చీలో కూర్చునే ఆడదాని కడుపు మీద మాత్రం సర్కారు కాపలా. పోనీ ఆ కుర్చీలో ఆమెను కూర్చోనిచ్చారా? సీటు ఆడవాళ్లకు వచ్చిందని పెండ్లాన్ని నిలబెట్టి, మాట్లాడేది సోమయ్య, ముద్ర కొట్టేది సోమయ్య. మూడోసారి మగపిల్లవాడు పుడతాడేమో చూద్దామన్నదీ సోమయ్యే. పుట్టింది ఆడపిల్ల. నేరం ఎవరిదట? ఒళ్లో ఉన్న పిల్లది.

ఎలక్షన్లలో శివమ్మ మీద తన పెండ్లాన్ని నిలబెట్టి ఓడినవాడు బుచ్చయ్య. అతనికి ఏడుగురు. ఏడుగురూ గడువుకు ముందే పుట్టిన పుణ్యాత్ములు, కాబట్టి కానూన్ ఆ ఇంటిని ముట్టుకోదు. ఆ బుచ్చయ్య బర్రె ఒకటి చచ్చింది. ఆరోజే పంచాయతీ ముందర తుండుగుడ్డ దులిపాడు.

"షెడ్డు దెయ్యమే తిన్నది. రాత్రికి కాలబెట్టాలె. ఏమంటవు సర్పంచమ్మా?"

శివమ్మ నోరు తెరిచే లోపల సోమయ్య అన్నాడు, "కాలబెట్టుండ్రి."

జనం కదిలాక నన్ను గోడ పక్కకు లాగాడు. శివమ్మ పక్కనే ఉంది. ఆమె వింటోందన్న జంకు కూడా లేదు వాడికి.

"అన్నా, నీకు ఎరుకని నాకెరుకే. నిప్పు పెట్టే ముందు దెయ్యాన్ని పడ్తనని లోపలికి పో. పిల్లను గొంగట్ల చుట్టి వెనక తలుపు నుంచి రోడ్డు మీదికి తే. పట్నపోళ్ల జీపు ఉంటది. వాళ్లు మంచిగ సాదుతరు. ఇగ ఈ పరేషాన్ ఖతం."

శివమ్మ నా వైపు చూసింది. ఏడ్చినా బాగుండేది. ఊరికే చూసింది.

రాత్రి కాగడాలు, కిరసనాయిలు డబ్బాలు, ఊరంతా అక్కడే. ఆడవాళ్ల ముందు వరసలో సర్పంచి. నేను గొంగడి భుజాన వేసుకుని ఒక్కణ్ణే లోపలికి నడిచాను. వంద మందిలో ఒక్కడు తోడు రాలేదని చరిత్రలో రాసి పెట్టుకోండి.

ఆ రాత్రి లోపలే ఉండిపోయిన ఈరమ్మ పిల్లను చేతికిచ్చింది. గొంగట్లో చుట్టాను. వెనక తలుపు సందులోంచి రోడ్డు మీద జీపు లైట్లు... ఒకసారి వెలిగి ఆరాయి.

పాలు తాగే వేళ. పిల్ల ఏడుపు ఎత్తుకుంది.

బయటికి వినపడకూడదని నేను కేక వేశాను. ఎంత కేక అంటే రేకులు లేచి పడ్డాయి.

"ఎవడు నిన్ను ఈ చీకట్ల పెట్టింది? వాని కుర్చీకి చెదలు పట్ట. ఎవడు నిన్ను లెక్కపెట్టి ఎక్కువైనవన్నది? వాని లెక్కలు మన్నుగాను. వాని కానూన్ కాట్లె కాల. వాడు పుట్టిననాడు వాళ్లమ్మను ఎవడన్న అడిగిండా, ఎన్నోవాడని?"

బయట జనం నేను దెయ్యాన్ని తిడుతున్నాననుకున్నారు.

వెనక తలుపు దాకా పోయాను. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. మోకాలు నొప్పి కాదు. తలుపు గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడి తిట్టాను, తిట్టాను... ఊపిరి అయిపోయింది.

నా కేక ఆగిన ఆ సందులో ఏడుపు బయటికి పోయింది.

ఆ తర్వాత బయట జరిగింది తోమాసు చెప్పిందే. జనం ఒక్కడుగు వెనక్కి వేశారట. ఎవరో దండం పెట్టారు. శివమ్మ మాత్రం కదల్లేదట. కాగడా వెలుగులో ఆమె రవికె ముందు భాగం తడిసింది... మెల్లగా, రెండు వైపులా.

మొదట చూసింది ఆడవాళ్లు. నాలుగు నెలల కింద బిడ్డను మన్నులో పెట్టిన తల్లికి, ఏడుపు వినగానే పాలు చేపుతున్నాయి.

"కొంగు కప్పుకో," అన్నాడు సోమయ్య పళ్ల సందుల నుంచి.

ఆమె కొంగు అంచు చేతిలోకి తీసుకుంది. చూసుకుంది. వదిలేసింది.

షెడ్డు ముందు తలుపు తోసుకుని శివమ్మ లోపలికి వచ్చింది. నేను గడియ దగ్గరే ఉన్నాను.

"ఇయ్యన్నా. ఆకలైతాంది దానికి."

ఇచ్చాను. ఆమె వెనక తలుపు వైపు చూడనైనా లేదు. ముందు తలుపు నుంచే బయటికి నడిచి, కాగడాల నడుమ బండ మీద కూర్చుని పిల్లకు పాలిచ్చింది.

చప్... చప్...

బుచ్చయ్య మొహంలో కాగడా కంటే ఎక్కువ వెలుగు. "అంటే... ముగ్గురన్నట్టు."

"అవ్, ముగ్గురు. పోయి చెప్పుకో," అంది శివమ్మ.

చెప్పుకున్నాడు. పెండ్లాం పేరు మీద ఏడుగురి తండ్రి ఆ కుర్చీలో కూర్చున్నాడు, కానూన్ చల్లగా చూసింది. అది తర్వాతి మాట.

ఆ రాత్రి రోడ్డు మీది జీపు పిల్ల లేకుండానే వెనక్కి తిరిగింది. సోమయ్య తల వంచుకుని నిలబడ్డాడు. శివమ్మ పిల్లను రెండో రొమ్ముకు మార్చుకుంది. తల ఎత్తకుండానే మొగుడితో అంది:

"ఇగ ఇంటికి పోదాం. రేపు పొద్దుగాల ఆ బొంద తవ్వి నా నూరే రాయి తెచ్చియ్యి. నాలుగు నెలలాయె, ఊళ్లె వాళ్లింట్ల వీళ్లింట్ల పచ్చడి నూరవట్టి."